కొత్త పాళీతో నింపిన ఫారం

కటకం,
14-7-1957.

అత్తయ్యకు కాత్యాయని నమస్కారాలు.

క్షేమంగా చేరాను. విజయనగరంలో బండి మారేటప్పుడు ట్రంకుపెట్టె నేనే మోసుకున్నాను. కూలీకి ఇవ్వమని నువ్విచ్చిన చిల్లర నా దగ్గరే ఉంది. వైద్య కళాశాలలో ఈ ఏడు చేరిన ఆడపిల్లలం తొమ్మిదిమందిమి, అందులో తెలుగుపిల్లను నేనొక్కర్తినే. నేను మాట్లాడే ఒరియా విని అందరూ నవ్వుతున్నారు. "ఇది బడిలో నేర్చింది కాదు, సంతలో నేర్చింది" అని ఒకమ్మాయి కనిపెట్టేసింది. కోరాపుట్ సంతలో కొండల మీది దేశియావాళ్ళతో కూరగాయలు బేరమాడి నేర్చిన భాష మరెలా ఉంటుంది!

మొన్న మొదటిసారి శవాన్ని చూపించారు. ఇద్దరు మగపిల్లలకు కళ్ళు తిరిగాయి. నేను నిలబడ్డాను. ఈ సంగతి నాన్నగారికి రాయలేదు. భోజనానికి కూర్చున్నప్పుడు గుర్తొస్తే ఆయన ముద్ద దిగదు.

ఇక అసలు సంగతి. నువ్వు కట్టిన ఫీజు మొదటి విడతకే సరిపోయింది. రెండో విడత నవంబరు పదిహేనులోపల కట్టకపోతే పేరు తీసేస్తారు. లేనివాళ్ళ పిల్లలకు సర్కారు అప్పు ఇస్తుందట, ఉద్యోగం వచ్చాక జీతంలోంచి తీర్చుకోవచ్చునట. ఆ ఫారం కోరాపుట్‌కు నాన్నగారికి పంపాను. అందులో ఇంటి ఆదాయం రాసి తాసీల్దారు కచ్చేరీలో ధ్రువీకరణ చేయించాలి. మన జిల్లాలో ఆస్తి ఉన్నవాళ్ళెవరైనా జామీను సంతకం పెట్టాలి.

ఫారం నింపడం నాన్నగారికి మంచినీళ్ళు తాగినంత పని. జయపురం సంస్థానం కచ్చేరీలో ముప్పై ఏళ్ళు కూర్చుని ఊరందరి అర్జీలూ రాసిపెట్టినవారు. కానీ తన కోసం ఒకరి గడప ఎక్కి నోరు విప్పి అడిగినవారు కాదు. జామీనుదారుణ్ణి మాత్రం నువ్వే వెతకాలి.

నీ
కాత్యాయని.


రాయగడ,
28-7-1957.

చిరంజీవి కాత్యాయనికి మేనత్త సుభద్రమ్మ ఆశీస్సులు.

ముందు ఇక్కడి క్షేమం రాయాలి కాబట్టి రాస్తున్నాను. బడి పైకప్పు కారుతోంది, నేను గొడుగు వేసుకుని పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాను. అంతకు మించి లోటు లేదు.

శవం ముందు నిలబడ్డావా? చిన్నప్పుడు బల్లిని చూసి నా కొంగులో దూరేదానివి. నాకు ఎంత గర్వంగా ఉందో చెబితే నీకు కొమ్ములు మొలుస్తాయి, అందుకని చెప్పను.

జామీను దొరికింది. స్టేషన్ దారిలో చింతపండు, బెల్లం టోకున అమ్మే ఆదిశేషు గుర్తున్నాడా? వాళ్ళ అమ్మాయి నా దగ్గరే చదివింది. నాలుగు రకాలుగా మాటలు కూర్చుకుని వెళ్ళాను. మొదటి రకం సగంలో ఉండగానే ఆయన చేతులు కడుక్కుని వచ్చి, "మీ అన్న పంతులుగారమ్మికా? కాయితం ఇలా తెండి" అన్నాడు. చదవకుండా పెట్టకండి, అది అప్పుకి పూచీ అన్నాను. ఆయన చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, దాచుకో.

"మా అయ్య మూట నెత్తినెట్టుకుని సికాకోలు నుంచి వచ్చేడమ్మా. ఈ కొట్టు జాగా మాది కాదని తగువొస్తే అర్జీ రాసింది మీ అన్నగారు. మా అయ్య పంచెల సాపు అట్టుకెల్తే తిరగ్గొట్టీసేరు. ఆ రుణం తీర్సే దారి ఇన్నాళ్ళకి మీరు సూపించేరు."

అన్నయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో సంస్థానం వారి రాయగడ ఠాణా కచ్చేరీలో ఉండేవాడు. ఈ సంగతి మనకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. తను చేసిన మంచిపని చెప్పుకుంటే నాలుక మీద పుండు లేస్తుందనుకునే రకం.

ఆ కాగితం పట్టుకుని శనివారం బస్సులో కోరాపుట్ వెళ్ళాను. మీ నాన్న మూడు రోజులుగా ఫారంతో కుస్తీ పడుతున్నాడు. బజారుకు వెళ్ళి కొత్త పాళీ కొనుక్కొచ్చాడు. ముందు చిత్తుప్రతి, దాని మీద ఇంకో చిత్తుప్రతి. ఏదీ చూడనీ అంటే అద్దుడుకాగితం కప్పేశాడు. జిల్లా మద్రాసులోంచి ఒరిస్సాలోకి మారింది, సంస్థానం పోయింది, దొరలు పోయారు, ఆయన దస్తూరీ మాత్రం చెక్కు చెదరలేదు.

అంత ముస్తాబు ఎందుకంటే, తాసీల్దారు కచ్చేరీలో ఆ ఫారం చూసే గుమాస్తా ఢిల్లీశ్వరరావట. నందపూర్ ఠాణాలో మీ నాన్న కింద చెవి మెలిపెట్టించుకుని రాత నేర్చుకున్నవాడు. సంస్థానం రద్దయ్యాక వయసు తక్కువని సర్కారు అతనిలాంటివాళ్ళను తీసుకుంది, మీ నాన్నలాంటివాళ్ళను ఇంటికి పంపింది. "వాడు చూస్తాడు సుభద్రా, రాత బాగుండాలి" అన్నాడు. నేను నవ్వుకుని ఊరుకున్నాను.

వేళకు తిను. చిల్లర ఖర్చుపెట్టెయ్యి.

నీ అత్త
సుభద్రమ్మ.


కటకం,
19-9-1957.

అత్తయ్యకు,

నా అర్జీ తిప్పి పంపేశారు. కుటుంబ ఆదాయం నిర్ణయించిన దానికంటే ఎక్కువట. మా క్లాసులో ఒక మోటారు కంట్రాక్టరు కొడుక్కి అప్పు మంజూరైంది. మాకు ఆదాయం ఎక్కువట!

ఇక్కడి ఆఫీసులో అడిగాను. మీ తాసీల్దారు కచ్చేరీ వారు ముద్ర వేసి పంపిందే మేము చూస్తాం, మాకేం తెలుస్తుంది అన్నారు. అది న్యాయమే. కొత్త ధ్రువీకరణ అక్టోబరు నెలాఖరుకు చేరితే మళ్ళీ చూస్తామన్నారు. చేరకపోతే నవంబరు పదిహేను తరువాత నేను ఇక్కడ ఉండను.

ఇది ఆ ఢిల్లీశ్వరరావు చేసిన పని కాక మరేమిటి? చిన్నప్పుడు చెవి మెలిపెట్టిన కోపం ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నాడు. నాన్నగారి ఉద్యోగం పోవడం, పొలం సంగతి, ఇంటి సంగతి అన్నీ ఎరిగినవాడు. ఎరిగి ఉండి ఎక్కువ ఆదాయానికి ముద్ర వేయించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నీకు దసరా సెలవులు ఇస్తారుగా, వెళ్ళి ఆ మనిషిని నలుగురిలో నిలబెట్టి అడుగు. నాన్నగారు అడగరు, ఆయన మర్యాద ఆయనను అడగనివ్వదు.

వేళకు తింటున్నాను గాని, రాత్రి చదివినది పొద్దున్న గుర్తుండడం లేదు. ఎప్పుడు పేరు తీసేస్తారో అన్న ధ్యాసే.

కాత్యాయని.


కోరాపుట్,
9-10-1957.

అమ్మీ,

ముందు ఢిల్లీశ్వరరావును తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకో. తరువాత మిగతాది చదువు.

సెలవుల తరువాత సోమవారం కచ్చేరీ తెరిచారు. తెరిచేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. నువ్వు చెప్పినట్టు నలుగురిలో కడిగేద్దామనే వెళ్ళాను. నన్ను చూడగానే అతను లేచి, భుజం మీద తువ్వాలుతో కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. జుట్టు సగం నెరిసింది. నేనడగకముందే ఆ ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు.

ఆదాయం అన్న గడిలో మీ నాన్న ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినదేమిటంటే, నందపూర్ ఠాణా ఉద్యోగపు జీతం ఇంత, ఇనాం పొలం మీద పంట ఇంత. రెండూ సంస్థానంతోపాటే పోయి అయిదేళ్ళయింది. ఉద్యోగం ఉన్ననాటి అంకెలు ఉన్నట్టే వేశాడు. మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అంటారే, ఆ సామెత మన ఇంట్లోనే పుట్టి ఉంటుంది.

నీకు తెలిసి కూడా ఎందుకు పైకి పంపావయ్యా అని అడిగాను. అతను చెప్పింది ఇది.

"తెలుసమ్మా. తెలక్కేటి? ఎవడి అర్జీలోనూ అచ్చరం మార్సకురా, ఆడు సెప్పుకున్నది ఆడిది అని నా సెవి మెలేసి సెప్పింది ఆరే గదా. ఆరి రాత మీద నాను గీత గియ్యగల్నా? మూడు దినాలు నా బల్ల మీదే ఎట్టుకున్నాను, మళ్ళీ వచ్చి, మార్సి రాస్తాను ఇమ్మని అడుగుతారేమోనని. రాలేదు. తాసీల్దారు కొత్తవాడు, బాబుగారి దస్తూరీ సూసి ముద్దరేసీసేడు."

అలా అంటూ ఆ కాగితాన్ని వేలితో తాకకుండా పక్కనుంచి చూపించాడు. ఎంత మూర్ఖపు గౌరవమో చూడు. కోపం రావలసిన చోట నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దారి ఒకటే ఉందట. అర్జీదారు స్వయంగా వచ్చి తాసీల్దారు ఎదుట, ఆదాయం లేదని, బతుకుతెరువు ఏమిటో ప్రమాణం చేసి చెప్పాలి. ఆ వాంగ్మూలం ఢిల్లీశ్వరరావే రాయాలి, ఆ కచ్చేరీలో తెలుగు రాసేది అతనొక్కడే.

ఇంటికి వచ్చి మీ నాన్నను నిలదీశాను. చివరికి, "వాడి ముందర లేదని ఎలా రాయనే" అన్నాడు. మరి అమ్మి చదువు సంగతేమిటి అంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. రెండు రోజులైంది, నాతో మాట్లాడడం లేదు.

ఇంకొకటి కూడా నీకు చెప్పాలి. ఇంతకాలం దాచాను. అయిదేళ్ళుగా ఈ ఇల్లు నడుస్తున్నది నా జీతం మీద. ప్రతి నెలా మొదటి వారంలో మనియార్డరు చేస్తాను. కూపన్ మీద "నందపూర్ పంట బాపతు" అని రాస్తాను. ఆయన అది నిజమే అన్నట్టు పుచ్చుకుంటాడు. అన్నగారు చెల్లెలికి చీర పెట్టాలి గాని చెల్లెలి కూడు తినకూడదని కదా మన ఇళ్ళలో. పంట లేదని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసునని నాకు తెలుసు. ఆ ఫారంలో పంట అని పడిందంటే అందులో నా చేతిరాత కూడా ఉంది. అందుకే నేను గట్టిగా దెబ్బలాడలేకపోతున్నాను.

సెలవులు ఇరవయ్యో తేదీ దాకా ఉన్నాయి. చూస్తాను.

సుభద్రమ్మ.


కటకం,
13-10-1957.

అత్తయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఢిల్లీశ్వరరావుగారి గురించి రాసినవన్నీ వెనక్కి తీసుకున్నాను.

నాన్నగారిని ఆ కచ్చేరీకి తీసుకువెళ్ళకు. ఆ మెట్లు ఎక్కించకు. ఆయన నేర్పిన మనిషి ఎదుట నిలబడి నాకు గతి లేదని చెప్పించి నేను డాక్టరునై ఎవరిని ఉద్ధరించాలి? నేను వచ్చేస్తాను. రాయగడలో నీ బడిలో నాకూ ఒక ఉద్యోగం దొరకదా? ఇద్దరం కలిసి గొడుగు వేసుకుని ఎక్కాలు చెబుదాం.

బండి చార్జీకి డబ్బు ఉంది, నువ్విచ్చిన కూలీ చిల్లరతో కలిపితే సరిపోతుంది. ఈ సంగతి నాన్నగారికి చెప్పకు. ఆరోగ్యం బాగులేక వచ్చేసిందని చెప్పు.

కాత్యాయని.


కోరాపుట్,
18-10-1957.

చిరంజీవి కాత్యాయనికి,

ట్రంకుపెట్టె సర్ది ఉంటే విప్పు. ఎక్కడికీ రానక్కరలేదు.

నిన్న నేను బావి దగ్గర ఉండగా తపాలా బంట్రోతు వచ్చాడు. నా పేర వచ్చిన ఉత్తరం మీ నాన్న పుచ్చుకున్నాడు. ఇంకొకరి ఉత్తరం విప్పడం ఆయన జన్మలో చేసిన పని కాదు, అయినా విప్పాడు. నేను వచ్చేసరికి నీ ఉత్తరం మడత పెట్టి బల్ల మీద ఉంది. ఆయన లోపలికి వెళ్ళి, పెట్టె అడుగునుంచి కచ్చేరీ కోటు తీసి దులుపుకుంటున్నాడు. కోటు మీద తలపాగా చుట్టుకుని, "పద" అన్నాడు.

వరండాలో బల్ల మీద భూమి తగువుల దేశియావాళ్ళు అయిదారుగురు కూర్చుని ఉన్నారు. మీ నాన్న వాళ్ళ పక్కన కూర్చున్నాడు. ఢిల్లీశ్వరరావు పరుగున వచ్చి లోపల కుర్చీ వేశానన్నాడు. నా వంతు వచ్చాక పిలువు, ముందు వీళ్ళు వచ్చేరు అన్నాడు మీ నాన్న. గంటన్నర కూర్చున్నాం. ఆ గంటన్నరలో పక్కన కూర్చున్న ముసలాయన దగ్గర కాగితం మీ నాన్న అడిగి తీసుకుని చదివి, అందులో తేదీ లేదని చెప్పి వేయించాడు. అలవాటు ఎక్కడికి పోతుంది!

వంతు వచ్చింది. తాసీల్దారు ఒరియా కుర్రవాడు, మర్యాదస్థుడు. ప్రమాణం చేయించాడు. మీ నాన్న నిలబడే చెప్పాడు, తడుముకోలేదు. ఆ ఉద్యోగం లేదు, ఆ పొలం లేదు, ముందు రాసిచ్చినది తప్పు, ఆ తప్పు నాది, గుమాస్తాది కాదు అన్నాడు. బతుకుతెరువు ఏమిటని అడిగారు.

"నా చెల్లెలు సుభద్రమ్మ రాయగడలో బడిపంతులమ్మ. అయిదేళ్ళుగా ఆవిడ పెట్టిన కూడు తింటున్నాను."

ఢిల్లీశ్వరరావు కలం ఆగిపోయింది. తల ఎత్తకుండా, చాలా మెల్లగా అడిగాడు. "బందువుల సాయం అని రాస్తాను బాబూ. దానికీ అదే అర్దం గదా."

"చెప్పింది చెప్పినట్టు రాయి. అక్షరం మార్చకు" అన్నాడు మీ నాన్న.

అతను రాశాడు. రాసినది పైకి చదివి వినిపించాడు. ఆ గదిలో అందరూ విన్నారు, వరండాలో వాళ్ళూ విన్నారు. మీ నాన్న ఒక సున్నా చుట్టు సరిగా తిరగలేదని చూపించి, సంతకం చేశాడు.

అమ్మీ, నాకు యాభైరెండేళ్ళు. పదిహేనో ఏట ముండమోసి, అన్నగారి నీడన బతుకుతోంది అనిపించుకున్నదాన్ని. నలుగురు కూడదంటున్నా వినకుండా ట్రైనింగుకు పంపింది ఆయనే. ఆ మనిషి నిన్న నలుగురిలో నా పేరు చెప్పాడు. ఆయనకు తల కొట్టేసినట్టు ఉంటుందని మనం భయపడ్డాం. కాని నేను చూశాను, ఆయన తల దించలేదు. అంత పెద్దమనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంట్లోనే ఉంచుకుని ఇన్నాళ్ళూ సంపెంగ నూనె అని వెక్కిరించాను.

కొండ దిగి వస్తుండగా ఆయనే మాట్లాడాడు. వచ్చే నెల కూపన్ మీద ఏం రాస్తావు అని అడిగాడు. ఏమీ రాయను, ఖాళీగా పంపుతాను అన్నాను. ఖాళీగా ఎందుకు, సుభద్ర పంపింది అని రాయి అన్నాడు. దారి పొడవునా ఏడుస్తూనే వచ్చాను. ఆయన చూడనట్టు కొంచెం ముందు నడిచాడు.

కొత్త ధ్రువీకరణ ఇవాళ రిజిస్టరు తపాలాలో వెళ్ళింది. ఢిల్లీశ్వరరావు తానే పోస్టాఫీసుకు వెళ్ళి రసీదు తెచ్చి ఇచ్చాడు.

నీ అత్త
సుభద్రమ్మ.


కటకం,
24-11-1957.

అత్తయ్యకు కాత్యాయని నమస్కారాలు. ఈ ఉత్తరం నాన్నగారికి కూడా చూపించు. ఎలాగూ ఆయన విప్పడం నేర్చుకున్నారు.

అప్పు పన్నెండో తేదీన మంజూరైంది, పదమూడున ఫీజు కట్టేశాను. ఆఖరు సంవత్సరం దాకా ఇస్తారు. నా పేరు ఎవరూ తీయరు. ఆదిశేషుగారికి, ఢిల్లీశ్వరరావుగారికి విడిగా ఉత్తరాలు రాశాను. ఢిల్లీశ్వరరావుగారికి రాసినదానిలో క్షమించమని కూడా రాశాను. ఎందుకో ఆయనకు తెలియదు, నువ్వు చెప్పకు.

నేను చెప్పుకోవలసింది ఒకటి ఉంది. నాన్నగారి ఫారం సంగతి నువ్వు రాసినప్పుడు, అయ్యో అలా ఎందుకు రాశారు అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నేను రాసినది నాకు గుర్తొచ్చింది. జూలైలో ఇక్కడ హాస్టలు రిజిస్టరులో నా వివరాలు నేనే రాశాను. నా ముందు వరసలో పిల్ల తన తండ్రి జడ్జీ అని రాసింది. నేను చూసి, తండ్రి ఉద్యోగం దగ్గర జయపురం సంస్థానం అధికారి అని రాశాను. ఖర్చు భరించేవారు ఎవరన్న చోట తండ్రి, సొంత భూములు అని రాశాను. పొలం పోయిందని నాకు తెలుసు. తెలిసే రాశాను. లేనివాళ్ళ పిల్లలకు హాస్టలు భోజనం సగం ఖర్చుకే పెడతారు. అది అడగాలంటే ఆ గడి అడ్డం వచ్చేది, అందుకని అడగలేదు. నాలుగు నెలలు ఒంటిపూట తిన్నాను. వేళకు తింటున్నానని నీకు రాశాను. ఆ తండ్రి కూతురినే కదా.

నాన్నగారు కచ్చేరీలో చెప్పిన మాటలు రాసిన నీ ఉత్తరం అందిన మర్నాడు ఆఫీసుకు వెళ్ళి ఆ రిజిస్టరు అడిగాను. చెరపకూడదు, పాత రాత కనబడేటట్టు ఒక గీత గీసి పైన కొత్తది రాసి సంతకం చెయ్యి అన్నాడు అక్కడి గుమాస్తా. అలాగే చేశాను. గుమాస్తా చదివి, తండ్రి ఉన్నారుగా, మేనత్త పేరు ఎందుకు రాశావమ్మా అని అడిగాడు. ఉన్నారు, ఆయన చెబితేనే రాస్తున్నాను అన్నాను.

ఇప్పుడు రెండుపూటలా తింటున్నాను. ఈసారి నమ్మవచ్చు.

రిజిస్టరులో రాసినది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. అక్షరం మార్చలేదు.

"తండ్రి: అనంతపద్మనాభం, కోరాపుట్. అర్జీలు రాయడం తెలిసినవారు. ఉద్యోగం లేదు. ఖర్చు భరించేవారు: మేనత్త సుభద్రమ్మ, బడిపంతులమ్మ, రాయగడ."

మీ
కాత్యాయని.